38 లింకులు, ఒక రమ్మీ బేరం

ఒడిశాలోని పర్లాకిమిడి వైపు నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. తన పేరు, సైట్ పేరు వేయొద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, విషయం చెడకుండా కుదించి ఇస్తున్నాను.

ఆయనకు 36 ఏళ్ళు. బజారులో చిన్న జిరాక్స్ షాపు, అందులోనే ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టడం. ఆరేళ్ళ కిందట ఒక తెలుగు వెబ్‌సైట్ మొదలుపెట్టారు. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో తెలుగు మాట్లాడుతూ, ఒడియా చదవడం రాని వాళ్ళకోసం. ఒడిశా ప్రభుత్వం మహిళలకు డబ్బిచ్చే సుభద్ర పథకానికి ఏ కాగితాలు కావాలి, గుణుపూరు రైలు ఎన్నింటికి, శివరాత్రికి మహేంద్రగిరి ఎలా వెళ్ళాలి, ఇలాంటివన్నీ మాట్లాడుకునే తెలుగులో రాస్తారు. గూగుల్ వేసే యాడ్‌సెన్స్ ప్రకటనల మీద నెలకు 6,500 దాకా వచ్చేది.

డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న బావమరిది ఒకరోజు, “బావా, సైట్లో ఒక లింకు పెడితే రెండు వేలు ఇస్తారంట” అన్నాడు. అలా మొదలైంది. 11 నెలల్లో “నాకు తెలిసి 38 లింకులు” పెట్టారట. బరువు తగ్గే మందులు, విదేశీ చదువుల కన్సల్టెన్సీలు, రెండు లోన్ యాప్‌లు. డబ్బు బావమరిది ఖాతాలో పడుతుంది, పావు వంతు అతను ఉంచుకుని మిగతాది ఇస్తాడు. ఈయన చేతికి మొత్తం 64,500 వచ్చింది. అమ్మాయి స్కూలు ఫీజుకీ, కారుతున్న స్లాబుకీ ఖర్చయిపోయింది.

తర్వాత మూడు జరిగాయి. గూగుల్ నుంచి వచ్చే పాఠకులు ఒక్కసారిగా పడిపోయి, యాడ్‌సెన్స్ 1,700కి దిగింది. సైట్ యజమానులకోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ తెరిస్తే, మీ సైట్ నుంచి అసహజమైన లింకులు బయటికి వెళ్తున్నాయి, చర్య తీసుకున్నాం అని మెసేజ్. మూడు వారాలుగా ఈయన అది ఎవరికీ చెప్పలేదు. రెండోది, కాశీనగర్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి ఏడ్చారు. సైట్లో కనిపించిన లోన్ యాప్‌లో 5,000 తీసుకుంటే, ఇప్పుడు ఆమె ఫొటోలు చుట్టాలందరికీ పంపుతామని బెదిరిస్తున్నారట. “అది ప్రకటన అమ్మా, నాకు సంబంధం లేదు” అని పెట్టేశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడోది, ఒక రమ్మీ కంపెనీ ఏజెంటు 12 లింకులకు 90,000 ముందే ఇస్తానంటున్నాడు. “సైట్ ఎలాగూ పడిపోతోంది, పోయేలోపు పిండుకుందాం” అని బావమరిది. అతను భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. శనివారం వచ్చి సంగతి తేలుస్తానన్నాడు.

“తీసేస్తే కొన్నవాళ్ళకి డబ్బు వెనక్కి ఇవ్వాలి. ఉంచితే సైట్ పోతుంది. రమ్మీ వద్దంటే ఇంట్లో గొడవ. అందరూ చేస్తున్నదే కదా, నేను చేసింది అంత తప్పా?” అని అడుగుతున్నారు.

*

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట గూగుల్ మెసేజ్ కాదు. “నాకు తెలిసి” అన్నారే, అది. ఆ సైట్ మీది, ఆరేళ్ళ కష్టం మీది, అందులో ఎన్ని లింకులు అమ్ముడుపోయాయో మీకు ఖచ్చితంగా తెలియదు. పాస్‌వర్డ్ బావమరిది దగ్గర ఉంది, డబ్బు అతని ఖాతాలో పడుతుంది, కొన్నవాళ్ళతో మాటలు అతనివి. అతను మోసం చేశాడని నేను అనడం లేదు. లెక్క మీ చేతిలో లేదంటున్నాను. మిగతా ఏ నిర్ణయమైనా ఆ లెక్క తేలిన తర్వాతే.

ఇక మీ చివరి ప్రశ్న. సైట్లో చోటు అమ్ముకోవడం తప్పు కాదు. పత్రికలు నిలబడిందే ప్రకటనల మీద. అయితే మీ దగ్గర కొన్నవాళ్ళకి కావలసింది చోటు కాదు. తెలుగు సైట్లో, రైలు టైముల వ్యాసం మధ్యలో ఇంగ్లిష్‌లో ఒక లోన్ యాప్ పేరు పెడితే ఎవరు నొక్కుతారని డబ్బులిస్తారు? వాళ్ళ చూపు మీ పాఠకుల మీద లేదు, గూగుల్ మీద ఉంది.

1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ మొదలుపెట్టినప్పుడు వాళ్ళ అసలు ఆలోచన ఇదే: ఒక సైట్ ఇంకో సైట్‌కి లింకు ఇచ్చిందంటే దాన్ని సిఫార్సు చేసినట్టు. మంచి పేరున్నవాళ్ళ సిఫార్సుకి ఎక్కువ విలువ. దానికి పేజ్‌ర్యాంక్ అని పేరు పెట్టారు. ఊళ్ళో పెద్దమనిషి “ఫలానా కొట్టుకి వెళ్ళు, నా పేరు చెప్పు” అంటే వెళ్ళేవాళ్ళం కదా, అలాంటిది. ఆ పెద్దమనిషి మాటకింత అని కమీషన్ తీసుకుంటున్నాడని తెలిస్తే ఏం చేస్తాం? ఆ కొట్టు గురించి చెప్పిందే కాదు, ఇంకేం చెప్పినా నమ్మడం మానేస్తాం. మీ సైట్‌కి జరిగింది అదే.

డబ్బు తీసుకుని లింకు పెట్టొద్దని గూగుల్ ఎక్కడా అనలేదు. డబ్బు తీసుకున్నప్పుడు ఆ సంగతి కోడ్‌లో చెప్పమంటుంది. అందుకోసం 2005లో “నోఫాలో” అనే గుర్తు తెచ్చారు, 2019లో ప్రత్యేకంగా డబ్బు లింకులకోసమే “స్పాన్సర్డ్” అనే గుర్తు తెచ్చారు. ఆ గుర్తు ఉంటే ఆ లింకు సిఫార్సు కింద లెక్కకు రాదు, మీకు ఇబ్బంది లేదు. మీ బావమరిదికి వచ్చిన మెయిళ్ళు చూడండి, ప్రతిదాంట్లో “డూఫాలో” అన్న మాట ఉంటుంది. ఆ గుర్తు పెట్టొద్దని చెప్పడమే అది. ఆ మాట ఉందంటే, కొనేవాడికి నియమం తెలుసు, ముప్పు మీ మీద పెట్టి వెళ్తున్నాడు. “మీ సైట్ డీఏ (డొమైన్ అథారిటీ) బాగుంది” అని పొగుడుతారు కూడా. ఆ డీఏ బయటి కంపెనీ వేసుకునే అంకె, గూగుల్‌ది కాదు.

అందరూ చేస్తున్నదే అన్నారు. నిజమే, చాలామంది చేస్తున్నారు. 2013 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఇంటర్‌ఫ్లోరా అనే పెద్ద పూల కంపెనీ, అక్కడి మదర్స్ డే సీజన్ ముంగిట, తన పేరు కొట్టినా గూగుల్లో కనిపించకుండా పోయింది. దాదాపు అదే సమయంలో డబ్బు తీసుకుని అలాంటి కంపెనీల కథనాలు, లింకులు వేసిన అక్కడి చిన్న ప్రాంతీయ పత్రికల సైట్లు చాలావాటికి పేజ్‌ర్యాంక్ పడిపోయింది. పూల కంపెనీ రెండు వారాలు తిరక్కుండానే మళ్ళీ కనిపించింది. లింకులు కొన్నవాళ్ళకి లాయర్లు, నిపుణులు, డబ్బు ఉంటాయి. ఊరి పత్రికకి ఉండేది ఊరి నమ్మకమే. అంతకు ముందు ఏడాది, 2012 జనవరిలో, డబ్బిచ్చి రాయించిన పోస్టుల గొడవలో గూగుల్ తన సొంత క్రోమ్ పేజీనే 60 రోజులు కిందికి దించుకుంది. కాబట్టి ఏ మూలనో ఉన్న తెలుగు సైట్‌ని ఎవరు చూస్తార్లే అన్న ధైర్యం పనికిరాదు. 2022 డిసెంబరు నుంచి ఈ పనిలో స్పామ్‌బ్రెయిన్ అనే వాళ్ళ వ్యవస్థ కూడా ఉంది. లింకులు కొనే సైట్లనే కాదు, అమ్మడానికి వాడే సైట్లనూ పట్టగలదని గూగులే చెప్పింది. పైగా మీ సైట్ పేరూ, రేటూ ఏజెంట్ల పట్టికల్లో ఎన్ని చేతులు మారాయో మీకు తెలియదు. ఆ పట్టికలు రహస్యంగా ఉండవు.

ఒక చిన్న లెక్క. యాడ్‌సెన్స్ 6,500 నుంచి 1,700కి, అంటే నెలకు 4,800 పోతోంది. ఇలాగే ఉంటే, 64,500 మొత్తాన్నీ 14 నెలల్లోపు ఆ నష్టమే తినేస్తుంది. ఆ తర్వాత పోయేది అప్పనంగా పోయేదే.

కానీ గూగుల్ సంగతి కాసేపు పక్కన పెడదాం. నాకు అంతకంటే పెద్దదిగా కనిపించేది కాశీనగర్ ఆవిడ.

“అది ప్రకటన” అన్నారు ఆమెతో. ఆ పేజీలో ప్రకటన అని ఎక్కడైనా రాశారా? లేదని మీ ఉత్తరమే చెబుతోంది. సుభద్ర కాగితాల గురించి మీరు చెప్పింది నమ్మి అప్లై చేసింది, డబ్బు పడింది. అదే సైట్లో కనిపించిన లోన్ యాప్‌ని కూడా మీరే చెప్పినట్టు తీసుకుంది. ఆమె తప్పేమీ లేదు. ఒకప్పుడు జిల్లా పేజీలో ప్రకటనలు చూసే ఉద్యోగం చేశాను నేను. ఒక చీటీల కంపెనీ ప్రకటనని వార్తలాగే కాలమ్‌లో కూర్చోబెట్టి, కింద చిన్న అక్షరాల్లో “ప్రకటన” అని వేయడం మరిచాం. ఆరు నెలలకి కంపెనీ బోర్డు తిప్పేసింది. జనం కంపెనీ దగ్గరికి వెళ్ళలేదు, మా ఆఫీసుకొచ్చారు. “మీ పేపర్లో చూశాం” అన్నారు. అప్పుడు నేను కూడా మీలాగే ఏదో అన్నాను. ఏమన్నానో ఇప్పటికీ గుర్తుంది, ఇక్కడ రాయను.

ఆవిడకు ఫోన్ చేయండి. ఎలా మొదలుపెట్టాలో మీ ఇష్టం, కానీ ఈ మూడు పనులకీ సాయం చేయండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించడం, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయించడం, ఆ యాప్ గురించి రిజర్వ్ బ్యాంక్ వాళ్ళ సచేత్ పోర్టల్‌లో చెప్పడం. మీ షాపులో రోజూ చేసే పనే, ఫారం నింపడం. బెదిరింపు మెసేజీలు చెరిపేయొద్దని, ఇంకా డబ్బు కట్టొద్దని చెప్పండి. లోన్ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టుల్లోకి, ఫొటోల్లోకి చొరబడకూడదని 2022లోనే రిజర్వ్ బ్యాంక్ నియమం పెట్టింది. కాబట్టి ఆమె భయపడి దాక్కోవలసిన పని లేదు. ఆ రెండు లోన్ యాప్ లింకులూ ఈ రాత్రే తీసేయండి. దీనికి కొన్నవాడి అనుమతి అక్కర్లేదు.

మిగతా లింకుల విషయంలో మీ ముందు మూడు నాలుగు దారులున్నాయి. ఏదీ ఉచితం కాదు.

ఏమీ చేయకుండా ఉండిపోవచ్చు. సైట్ మీద నెలకు 1,700 వస్తుంది, అది కూడా మెల్లగా తగ్గుతుంది. మెసేజ్ దానంతట అది పోతుందని ఆశ పెట్టుకోకండి. లింకులు అలాగే ఉంటే రేపు గూగుల్ మనిషి మళ్ళీ చూసినా కనిపించేది అదే. ఇది మనసుకి తేలికగా కనిపిస్తుంది గానీ, మూడు వారాలుగా మీరు నడుస్తున్నది ఈ దారిలోనే, ఎలా ఉందో మీకే తెలుసు.

బావమరిది చెప్పే ఇంకో మాట ఉంటుంది, ఊహించగలను: “కొత్త డొమైన్ తీసుకుని ఇదంతా అక్కడికి మారుద్దాం.” పాత వ్యాసాలతో పాటు పాత లింకులు కూడా వెళ్తే కథ మొదటికొస్తుంది. లింకులు వదిలేసి వెళ్ళినా, ఆరేళ్ళుగా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న పాత అడ్రస్ పోతుంది. పాఠకులు పేరుతో గుర్తుపెట్టుకున్న సైట్ అది.

మూడోది, లింకుల్ని తీయకుండా అన్నిటికీ “స్పాన్సర్డ్” గుర్తు పెట్టడం. గూగుల్‌కి ఇది చాలు, తీసేయమని పట్టుపట్టదు. కొన్నవాళ్ళు మాత్రం గమనిస్తారు, వాళ్ళ దగ్గర లింకుల్ని రోజూ తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. కొంతమంది తిడతారు, కొంతమంది డబ్బు అడుగుతారు, చాలామంది మీ సైట్‌ని పట్టికలోంచి కొట్టేసి ఊరుకుంటారు. దీనిలో ఉన్న సుఖం ఏంటంటే, మీరు లింకు తీయలేదు, చోటు ఉంది, గుర్తు మాత్రం పెట్టారు. మీరు ఇస్తానన్నది “శాశ్వత లింకు” అయితే ఆ మాట కొంతవరకూ నిలబడుతుంది.

నాలుగోది పూర్తిగా తీసేసి, అడిగినవాళ్ళకి వాడుకున్న నెలలు పోను మిగతా డబ్బు తిరిగివ్వడం. శుభ్రంగా ఉంటుంది, ఖర్చెక్కువ. నాదైతే రెండూ కలిపి చేస్తాను: లోన్ యాప్‌లు, బరువు మందుల్లాంటివి తీసేసి, మామూలు వ్యాపారాలకి గుర్తు పెట్టి, అడిగినవాళ్ళతో వాయిదాల మీద మాట్లాడుకుంటాను. అయితే డబ్బు తిరిగివ్వాల్సింది మీరు, నేను కాదు. ఎంత భరించగలరో మీకే తెలుసు. ముందు మెయిళ్ళలో ఏం రాసిచ్చారో చదవండి. “ఏడాది” అన్నారా, “శాశ్వతం” అన్నారా, “డూఫాలో” అని హామీ ఇచ్చారా? కొన్నింటిలో ఏ హామీ ఉండకపోవచ్చు.

ఏ దారి పట్టినా పని ఒక వరుసలో చేయండి. సైట్లో బయటికి వెళ్ళే లింకులన్నీ ఒక పట్టికలోకి తెచ్చే ఉచిత ప్లగిన్లు ఉన్నాయి. అప్పుడు 38 నిజంగా 38ఏనా అన్నది తేలుతుంది. ప్రతి లింకూ నొక్కి చూడండి. అమ్మినప్పుడు విదేశీ చదువుల సైట్‌కి వెళ్ళిన లింకు, ఆ సైట్ చేతులు మారి, ఇవాళ ఎక్కడికో వెళ్తుండొచ్చు. కొనేవాడెవడైనా “ఈ చిన్న కోడ్ అతికించండి” అని ఇచ్చి ఉంటే దాన్ని మొదట పీకేయండి, అది లింకు కంటే ప్రమాదం. తర్వాత పాస్‌వర్డ్ మార్చండి. “గెస్ట్ పోస్టులకు సంప్రదించండి” అన్న పేజీ ఉంటే తీసేయండి.

అన్నీ అయ్యాకే సెర్చ్ కన్సోల్‌లో మళ్ళీ పరిశీలించమని కోరండి. ఏం చేశారో, ఎన్ని తీశారో, ఎన్నిటికి గుర్తు పెట్టారో దాచకుండా రాయండి. సగం పని చేసి పంపితే తిరిగొస్తుంది, మళ్ళీ మొదటి నుంచి. జవాబుకి కొన్ని రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. ఎవరైనా “డిజావో టూల్ వాడు” అని సలహా ఇస్తే వినకండి, అది మీ సైట్‌కి బయటినుంచి వచ్చే లింకులకోసం. మీ జబ్బు మీ నుంచి బయటికి వెళ్ళేవాటితో. ఇంకో మాట ముందే చెప్పాలి. చర్య ఎత్తేసినా పాత 6,500 వెంటనే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇస్తామన్నవాడు ఇంకో ఏజెంటు.

రమ్మీ విషయంలో మాత్రం మీకు రెండు దారులు చూపించను. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నైపుణ్యమైనా అదృష్టమైనా నిషేధం, వాటిని ప్రచారం చేసినవాళ్ళకి రెండేళ్ళ వరకూ జైలు, 50 లక్షల వరకూ జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. రమ్మీ నైపుణ్యం ఆట కదా అన్న పాత వాదనకి అక్కడ చోటు లేదు. ఆంధ్ర ప్రభుత్వం 2020 నుంచే ఆన్‌లైన్ పందేల్ని నిషేధించింది, మీ పాఠకుల్లో సరిహద్దు దాటగానే ఆంధ్రలో ఉన్న పాతపట్నం వైపువాళ్ళూ ఉంటారు కదా. చోద్యమేంటంటే, ఆ 90,000 ముందే ఇస్తానంటున్నవాడు తన పేరుతో ప్రకటన ఎందుకు ఇచ్చుకోవడం లేదో బావమరిదికి అనుమానం రాలేదు. పోలీసు కేసు పడేది సైట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ మీద, డబ్బు ఎవరి ఖాతాలో పడితే వాళ్ళ మీద. అంటే మీ మీదా, ఆ కుర్రాడి మీదా. ఇది అతనికి ఈ మాటల్లోనే చెప్పండి. సైట్ పోతుందంటే వినడు గానీ, తన ఖాతా అంటే ఆగుతాడు.

ఆ కుర్రాడి గురించి మీ ఉత్తరంలో కోపం కంటే మొహమాటం ఎక్కువ కనిపించింది. ఒక సంగతి గమనించారా? ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఇంగ్లిష్‌లో బేరాలాడి, 11 నెలల్లో మీ వాటా, తన వాటా కలిపి దగ్గర దగ్గర 86,000 తెచ్చాడు. అది పనితనమే. అదే పనితనం మీ ఊళ్ళో పెడితే? కొమ్ము బొమ్మలు చేసేవాళ్ళున్నారు, బరంపురం పట్టుచీరల దుకాణాలున్నాయి, కోచింగ్ సెంటర్లు, మొబైల్ షాపులు, పాతపట్నం బట్టల కొట్లు. పైన “ప్రకటన” అని తెలుగులో పెద్దగా రాసి, లింకుకి “స్పాన్సర్డ్” గుర్తు పెట్టి, నెలకింత అని తీసుకోండి. సొంత లాభం ఉన్న సిఫార్సుని దాచొద్దని 2022లో కేంద్రం తెచ్చిన ప్రకటనల మార్గదర్శకాలూ చెబుతున్నాయి, కాబట్టి “ప్రకటన” అని రాసుకోవడంలో మీకు నష్టం లేదు. డబ్బు నెమ్మదిగా వస్తుంది. ఎండలో షాపు షాపుకీ తిరగాలి, బాకీలు వసూలు చేయాలి. అతను ఒప్పుకోకపోవచ్చు కూడా. అప్పుడు ఆ ప్రకటనలు మీరొక్కరే తెచ్చుకోవాలి, షాపు చూసుకుంటూ అది కష్టమే. ఈసారి డబ్బు మాత్రం మీ ఖాతాలోకి రావాలి, అతని వాటా మీరివ్వాలి. ఏడాది చివర రిటర్నులో చూపించడానికీ అదే సులువు, పాత 64,500 సంగతి కూడా అప్పుడే ఎవరైనా ట్యాక్స్ చూసేవాళ్ళని అడగండి.

మీ ఊరు గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని ఆయన పోట్లాడారు. మీ సైట్ భాష గురించి మీరు రాసింది చదువుతుంటే ఆయనే గుర్తొచ్చారు. ఇది పొగడ్త అనుకున్నా ఫరవాలేదు.

మీ ఆవిడ సంగతి మిగిలింది. మూడు వారాలు దాచారు. శనివారం అందరి ముందూ బయటపడితే, తమ్ముణ్ణి నిందిస్తున్నారనే ఆమెకు అనిపిస్తుంది. మీరేదో దాచి అతన్ని ఇరికించారని కూడా అనిపించొచ్చు. శుక్రవారం రాత్రి అమ్మాయి పడుకున్నాక ఫోన్‌లో ఆ మెసేజ్ చూపించండి, కాశీనగర్ ఆవిడ ఫోన్ సంగతి చెప్పండి. ఆ డబ్బుతో ఫీజు కట్టామని ఆమెకి తెలుసు, ఎక్కడిదో తెలియదు. అది కూడా మీరే చెప్పండి. ఆ తర్వాత తమ్ముడితో ఎవరు మాట్లాడాలో ఆమెనే అడగండి. మీకంటే ఆవిడ మాట అతను ఎక్కువ వింటాడేమో.